అందింది

ఈ బురుజులు కట్టింది పక్కింటివాడికి భయపడి.
నాలుగంతస్తుల పలకరాయి,
బాణం దూరేంత సందు.
స్వానేతి కొండల్లో మా పదకొండు గడపలకి
తొమ్మిది బురుజులు.

ఇప్పుడు ప్రతిదాని నెత్తినా ఒక యాంటెన్నా.
నేనే ఎక్కించాను, నడుముకి తాడు కట్టుకుని.
బడిలో లెక్కలు చెప్పేదాన్ని, సెలవుల్లో వైర్లు కలిపేదాన్ని.

లోయకి చూపు ఆనేది బిమూర్జా బురుజొక్కదానికే.
ఎవరి మాటైనా అక్కడ దిగి, ఊపిరి తీసుకుని, కిందికి పోవాలి.
త్సియూరి మాట కూడా.
వాళ్ళ తాత రక్తం వీళ్ళ తాత గడప మీద ఎండి
ఎన్నేళ్ళయిందో రెండిళ్ళకీ కచ్చితంగా తెలుసు.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
పృథివి ఎందుకు, ఆ ఒక్క ఇల్లు దాటితే చాలు నాకు" అంది.
తాళం వేసే పంపుతాం, అన్నాను.
చెవి నీ దగ్గరొకటి, కింద ఆసుపత్రి నర్సు దగ్గరొకటి.
మోసేవాడు విప్పలేడు.
"విప్పలేడు సరే. పారేయలేడా?"

ఏ తాళమూ దానికి జవాబు కాదు.

ఫిబ్రవరిలో పారేశాడు.
అంటే, అలా అనుకున్నాం.
నాలుగు రోజులు బిమూర్జా పెట్టె ప్రతి మాటకీ
తీసుకున్నానంది, పంపానంది.
కింద ఒక్కటీ చేరలేదు.
త్సియూరి మొగుడి గుండె మందుల చీటీ అందులోనే.
(మందులు మూష్ని స్కీల మీద తెచ్చాడులెండి.)
ఐదో రోజు ఆమె ఆ బురుజు వైపు చూసిన చూపు
నానమ్మ కథల్లో విన్నాను గాని
మనిషి ముఖం మీద చూడలేదు.

ఎక్కాను. డెబ్బై ఏళ్ళ చేతులతో
బిమూర్జా నిచ్చెన పట్టుకున్నాడు, ఏమీ అడగలేదు.
యాంటెన్నా మంచు బరువుకి వాలి
ఆకాశం వైపు తిరిగి ఉంది.
పాపం, నిజమే చెప్పింది. పంపింది.
ఎవరూ లేనివైపు.

మంచు గీకాను, తిప్పి బిగించాను. దారి మాత్రం తెరుచుకోలేదు.
మాట తప్పినవాడికి మార్కులు తగ్గించడం నేను రాసిన లెక్కే.
మంచుకీ మోసానికీ తేడా దానికి తెలీదు.
మళ్ళీ నమ్మాలంటే
వంద చిన్న మాటలు క్షేమంగా చేరాలి.

త్సియూరి చాలాసేపు రొట్టెపిండి పిసికింది.
చేతులు తుడుచుకుని కూర్చుంది.

ఉప్పు ఉంది.
మంచు ఆగింది.
గోధుమరంగు ఆవు మేత ముట్టింది.
ఇవాళ బుధవారం.
ఏమీ లేదు.
ఇప్పటికీ ఏమీ లేదు.

ఒక్కొక్కటీ తాళం వేసి, అతని బురుజు మీదుగా.

తెల్లారేసరికి బిమూర్జా నా తలుపు తట్టాడు.
"రాత్రంతా ఆకుపచ్చ దీపం మిణుకుతూనే ఉంది.
ఎవరైనా పోయారా? ఇన్ని మాటలెవరివి?"
చెప్పకూడదు. నియమం నాదే.
"ఎవరివో. నీ మీదుగా పోవాలనుకున్నారు."
టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
చీపురుందా అని అడిగాడు, పైన మంచు ఊడ్చడానికి.

తొంభై ఏడు చేరాయి.
మూడు గాలిలో పోయాయి.
ఎందుకని త్సియూరి ఎవర్నీ అడగలేదు.
కూర్చుని, ఇంకో మూడు పంపింది.