నాలుగో అంకె

శనివారం మధ్యాహ్నం రెండింటికి
మా ఊళ్లో వాన పడి తీరాలని రూలేం లేదు.
కానీ పడేది.

పలకరాయి కోసం తవ్వగా తవ్వగా
కొండ సగమే మిగిలిన వేల్స్ ఊరు మాది.
చదునైన నేల అన్నది ఎక్కడా లేదు.
క్రైగ్వెన్ రోవర్స్ మైదానం కూడా
ఒక గోలు దగ్గర బయల్దేరి
రెండో గోలు దాకా జారిపోయేది.
మొదటి సగం పల్లానికి ఆడి ఎగిరెగిరి పడేవాళ్లం,
రెండో సగం ఎత్తుకి ఆడి
ఊపిరితో పాటు ఆటనీ పోగొట్టుకునేవాళ్లం.

వాళ్లం అంటున్నాను గానీ
నాకప్పుడు తొమ్మిదేళ్లు,
బంతిని తన్నిన పాపాన పోలేదు.
నా పని అంకెలు తగిలించడం.

కంచె పక్కన నల్లబల్ల, దానికి రెండు మేకులు.
రేకుముక్కల మీద తెల్లరంగు అంకెలు.
వచ్చినవాళ్లకి తొమ్మిది దాకా ఉండేవి.
మాకు సున్నా, ఒకటి, రెండు, మూడు.
అదేంటని అడిగితే, రాసిన టుడుర్ మామ
"రంగు దండగెందుకురా" అన్నాడు.
మా గోల్‌కీపరూ ఆయనే.

సోమవారం మా అమ్మ ఎలునెడ్ దండెం చూస్తే
ఊరికి ఆట మొత్తం తెలిసిపోయేది.
పదకొండు పచ్చచొక్కాలు చేతులు వేలాడేసుకుని
గాలి వచ్చినప్పుడు మాత్రం
రిఫరీతో వాదించేవి.

ఆ ఏప్రిల్లో రేవు ఊరి జట్టు వచ్చింది,
సొంత బస్సులో, ఒకేరకం సంచులతో.
మూడు వేశాం. నాలుగు తిన్నాం.
నా మూడు వానకి మసకబారిందని
మైదానానికి వీపు పెట్టి
చొక్కాచేత్తో తుడుస్తున్నాను.
గనిలో మందు పేలిందనుకున్నాను.
తిరిగి చూద్దును కదా,
పోస్టుమాన్ ఇద్వల్ బురదలో బోర్లా,
మీద ఆరుగురు,
వాళ్లమీద ఎవరిదో కుక్క.

"నాలుగు పెట్టరా! నాలుగు!"

నాలుగేదీ?
ఉన్న ఒక్క నాలుగూ పక్క మేకుకే ఉంది, వాళ్ల కింద.

పరిగెత్తాను.
గొర్రెల దొడ్డి దాటి, రొట్టెల కొట్టు దాటి,
ఎప్పుడూ తాళం వెయ్యని ప్రార్థన మందిరంలోకి.
మర్నాటి కీర్తన నంబరు గోడకి అప్పుడే సిద్ధంగా ఉంది:
చెక్కపలకల మీద మూడు, నాలుగు, రెండు.
బెంచీ ఎక్కి నడిమిది పీకాను.
దేవుడున్న వైపు చూళ్లేదు.

రొప్పుతూ వచ్చేసరికి
వాళ్లు ఐదోది కూడా వేసేశారు.
వాళ్ల నాలుగు ఇక ఖాళీయే,
తీసి మాకు తగిలిస్తే సరిపోయేది.
నేను మాత్రం
కోవొత్తి మసి వాసన కొట్టే ఆ చెక్కనాలుగునే
మా మేకుకి తగిలించాను.
ఈల వేసేదాకా దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డాను,
తాడు పొట్టిది, గాలి పెద్దది.

ఆదివారం మెరెడిడ్ అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని
"కీర్తన... మూడు వందల..." అని ఆగారు.
గోడకేసి చూశారు. మా బెంచీకేసి చూశారు.
నా చెవులు కాలిపోయాయి.
వెనక వరసలోంచి టుడుర్ మామ గొంతు:
"నాలుగు, అయ్యగారూ. నాలుగు."
ఓడిన ఊరు
అంత గట్టిగా పాడటం
మళ్లీ నేను వినలేదు.

ఇప్పుడక్కడ సెలవులకొచ్చేవాళ్ల కారవాన్లు,
చక్రాల కింద రాళ్లు పెట్టుకుని నిలబడతాయి.
పల్లం పల్లమే కదా.

ఆ గోలు నేను చూళ్లేదు.
అడిగినవాళ్లనే మళ్లీ అడిగాను ఏళ్లతరబడి.
మోకాలన్నారొకరు. గాలి పుణ్యమన్నారొకరు.
టుడుర్ మామకి అంత దూరం ఆననే ఆనదు.
"కళ్లు మూసుకున్నాను రా" అన్నాడు ఇద్వల్,
ఉత్తరాలు పంచడం మానేశాక, నిజం చెప్తున్నట్టు.

చివరికి తేల్చింది అమ్మ,
ఇస్త్రీపెట్టె కిందికి దించకుండానే:
"ఎడమ భుజం.
తొమ్మిదో నంబరు చొక్కా మీద
బురద గుండ్రంగా ఉంది ఆ సోమవారం.
రెండుసార్లు రుద్దినా వదల్లేదు."