పదకొండో ప్రశ్న

లాటాలో మా ప్రావిన్సు సభ
రేకుల కప్పు కింద జరుగుతుంది.
వాన పెద్దదైతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు.
సభాపతి మెనిగా గారు చెయ్యెత్తుతారు, ఆగమని.
నేను రాయడం ఆపి కిటికీలోంచి రేవు చూస్తాను.
మినిట్స్ పుస్తకం నాది, ఇరవై రెండేళ్ళుగా.

ఆ మార్చిలో పదకొండో ప్రశ్న:
నుకుమయా దీవికి ఓడ ఎప్పుడొస్తుంది?
అడగవలసింది పా రంగితేఫా.
పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు.
గోడమీద బల్లి పలికింది.
ఓడ రాలేదు కనక ఆయన రాలేదు,
ఆయన రాలేదు కనక
ఓడ ఎందుకు రాలేదో ఎవరూ చెప్పనక్కర్లేదు.
సభ్యుడు గైర్హాజరు, ప్రశ్న మురిగిపోయింది
అని రాశాను.
తర్వాత బడ్జెట్టు, మూజువాణి ఓటు.
"అవును" అన్నవాళ్ళలో ఇద్దరికి నోటినిండా వక్క.

సభ ముగిసిన పంతొమ్మిదో రోజున
దిగాడు మనిషి, చంకలో చాప చుట్టతో.
తాళం తీశాను.
తన కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగి
"కాలు వదులైంది" అన్నాడు.
ప్రశ్న సంగతి చెప్పాను.
"మురిగిపోడానికి అదేమన్నా చేపా?"
అంటూనే బుట్టలోంచి పొగబెట్టిన చేప తీసి
మినిట్స్ పుస్తకం మీదే పెట్టాడు.
"నెల దాటింది. వాసన చూడు."
చూశాను. బాగానే ఉంది.
ఆ పేజీకి నూనె మరక ఇప్పటికీ ఉంది.

అదే ఓడలో వెనక్కి పోతే
జూన్ సమావేశానికి ఏ ఓడ తెస్తుంది?
అందుకని ఉండిపోయాడు.
సభ వెనక చిలగడదుంప తీగలు నాటాడు.
నా చేత మేకుల పెట్టె కొనిపించి
తన కుర్చీ బాగుచేసుకున్నాడు,
పనిలో పనిగా ప్రీమియర్ గారిదీ.

జూన్‌లో అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.
కోరం లేదు. వాయిదా.
మర్నాడు లేచి, చొక్కా సర్దుకుని,
ఆ ఒక్క వాక్యమే అడిగాడు.
ప్రీమియర్ గారు కాగితం తిరగేసి చూశారు. వెనక ఏమీ లేదు.
"గౌరవ సభ్యుల ఆందోళనను గమనించాం."
బల్లలు చరిచారు.
కుర్చీ మాత్రం కిర్రుమనలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి ఆస్పత్రి రేడియో.
"అడిగాను" అన్నాడు.
గరగర.
"అడిగాను, ఓడ గురించి!"
నౌ రంగితేఫా గొంతు, అలల అవతల్నుంచి:
"సరేలే. బడి కప్పు మళ్ళీ లేచిపోయింది.
మేకులు దొరుకుతాయా అక్కడ?"

నావైపు తిరిగాడు.
పెట్టెలో సగం పైనే మిగిలాయి.
స్టోరు పుస్తకం తెరిచి రాశాను:
మేకులు, అర పెట్టె, నుకుమయాకు,
సభా కార్యకలాపాల నిమిత్తం.
చాప చుట్టలో దోపుకుని
రేవుకేసి నడిచాడు,
ఓడ లేదని తెలిసీ.