చెవిలో బావి

చిన్నప్పుడు బావిల దుంకి గడ్డకెక్కితే
ఎండకు కాగిన గుండ్రాయి చెవికి అదిమి
ఒంటికాలి మీద గెంతేటోళ్లం.
వెచ్చగ జారేది నీళ్లచుక్క.

నలభై రెండేండ్లకు జారలేదు.
"పదిహేను రోజులు నీళ్లల్ల దిగొద్దు, దూది పెట్టుకో"
అన్నది గడియారం సెంటర్ల డాక్టరమ్మ.
ఆ మాట చెవిన పెడదామంటే జాగేది?
లోపల బావి ఉండె.

కాళ్లు ఊకుంటయా?
తెల్లారగట్ల దేవరకొండ రోడ్డు పట్టిన.
ఒక కరెంటు స్తంభం దాకా ఉరుకుడు,
ఇంకోదాని దాకా నడుసుడు.
మూడోదానికాడ పక్కల పోటు.
పాలబండి ముత్యాలు బ్రేకేసి
"ఎవరు తరుముతున్నరక్కా?" అన్నడు.

పదహారో పొద్దు, ఐదో స్తంభం.
దూది తీసిన.
ముందుగాల నా ఊపిరే,
నీళ్లల్ల ఎన్నడూ వినలే ఇంత మొరటుగ.
కంకర మీద తమ్ముని బూట్ల చప్పుడు.
ఆ అవతల జొన్నచేన్ల
వడిసెల రాయి
గుయ్యిమన్నది.