ఎనభై ఏడో వంతు

డులూత్‌లో జనవరి అంటే
సరస్సు గడ్డకట్టి రాత్రంతా మూలిగే నెల.
మా నేలమాళిగలో, ఫర్నేసు పక్కన,
ఆరడుగుల ప్లైవుడ్ బల్ల మీద మాత్రం
నాలుగేళ్ళుగా ఆగస్టే నడుస్తోంది.
అరవై ఎనిమిది ఆగస్టు. ఎండ. మధ్యాహ్నం రెండూ పది.

బల్ల వెడల్పు మూరెడు.
రెండు పాయింట్లు, మూడు సైడింగులు, ఎనిమిది వ్యాగన్లు.
ఇంజను వెనక మూడే పడతాయి.
నాలుగోది తగిలించావా,
ఇంజను ముక్కు ఫర్నేసు గోడకి కొట్టుకుంటుంది.
ఆట అంతా ఆ ఇరుకులోనే ఉంది.

పట్టాల కింద ఇసుక లెస్టర్ నది ఒడ్డుది.
ఆర్లీన్ టీ వడగట్టే జల్లెడతో జల్లించాను,
వారం రోజులు మాటల్లేవు.
జిగురులో గిన్నెలు తోమే సబ్బు ఒక్క బొట్టు కలపాలి,
లేకపోతే ఇసుకలోకి ఇంకకుండా
ముత్యంలా దొర్లిపోతుంది.
వెనిగర్‌లో స్టీలు పీచు మూడు రోజులు నానబెట్టి
ఆ నీళ్ళు పూస్తే
నిన్న కోసిన అగ్గిపుల్ల
ముప్పై వానలు తిన్న స్లీపరవుతుంది.
పురికొసని పీకి పచ్చరంగులో ముంచితే కలుపుమొక్కలు.
ఇంజను నిలబడే చోట నల్లసిరా చుక్క,
కారిన నూనెకి.
పిండిమిల్లు కిటికీల్లో ఒక్క అద్దం పగలగొట్టడానికి
ఒక సాయంత్రం పట్టింది.
రెండు పగిలాయి. ఉండనీ అనుకున్నాను.

గురువారాలు డెల్బర్ట్ క్రౌస్ వస్తాడు,
బూట్ల మంచు మెట్ల మీదే దులుపుతూ.
పొగాకు డబ్బాలోంచి ఐదు చీటీలు తీస్తాం.
ఆ ఐదు వ్యాగన్లూ
ఆ వరసలోనే పొడవాటి లైను మీదికి చేరాలి.
లాగు, వదులు, వెనక్కి తొయ్యి, మళ్ళీ లాగు.
నాకు పద్నాలుగు ఎత్తులు పట్టేది
వాడు పదకొండులో తేలుస్తాడు,
తేల్చి, కాఫీ చల్లారిపోయిందని నన్ను తిడతాడు.

ఒక్కటే వింత.
ప్రతి కప్లింగుకీ అంగుళం ముందు
ఇంజను ఆపుతాడు.
పెదాలు కదిలీ కదలకుండా మూడు లెక్కపెడతాడు.
అప్పుడు తగిలిస్తాడు,
పిల్లి పాలగిన్నెని ముట్టినంత మెల్లగా.
ఆ నియమం నేను పెట్టలేదు.
ఎందుకని అడగనూ లేదు.

ఆ రోజు ఇంజనులో వాడున్నాడు, కింద నేనున్నాను.
వ్యాగన్ పిడికిలి తెరుచుకోవడం లేదని
ఎడమ చెయ్యి పెట్టాను.
ఆగమని చూపాల్సింది నేను. చూపానా?
వాడు చూశాడా?
యాభై ఆరేళ్ళలో మేం మాట్లాడుకోనిది ఇదొక్కటే.
వాడి విడాకుల గురించి మాట్లాడుకున్నాం,
నా గుండె గురించి, బేస్‌బాల్ గురించి అయితే
చెవులు చిల్లులు పడేదాకా.

మొన్న రాత్రి నిద్ర పట్టక కిందికి దిగాను.
తూకం గది తలుపు ముందు నిలబెట్టాల్సిన మనిషి,
ఎత్తు రెండు సెంటీమీటర్లు,
ప్యాకెట్‌లో పన్నెండు మందితో పాటు వచ్చినవాడు,
పట్టకారు కొసన ఉన్నాడు.
చొక్కాకి నీలం వేశాను. టోపీకి బూడిద.
తర్వాత బ్లేడు మొనతో
ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళూ
గీకేశాను.
ఎనభై ఏడో వంతులో వేలంటే
రెండు వెంట్రుకల మందం.
పోయినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఈ గురువారం డెల్బర్ట్ ఆట మొదలుపెట్టలేదు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చొక్కా జేబులోంచి భూతద్దం తీశాడు,
స్టాంపులు చూసుకునేది.
తూకం గది మీదికి వంగాడు.
ఫర్నేసు ఆగింది. మళ్ళీ అంటుకుంది.
వాడి ఊపిరికి పురికొస గడ్డి అల్లాడుతోంది.

చాలాసేపటికి లేచి
"తలుపు ఆకుపచ్చ కదా, ఐనార్," అన్నాడు,
"గోధుమరంగు వేశావేం?"

గోధుమరంగే, అన్నాను.
ఆకుపచ్చ అన్నాడు.
డబ్బా నా వైపు జరిపాడు, చీటీ తియ్యమని.