ఆరున్నొకటి

రాత్రి రెండూ నలభై.
జయనగర్‌లో వాన వెలిసింది గానీ
ఆసుపత్రి ర్యాంపు మీద ఆటో చక్రాల బురద ఇంకా ఆరలేదు.
అశ్వత్థప్ప, అరవై మూడు.
కుడిచెయ్యి బల్ల మీంచి జారిపోతుంటే
ఎవరో మరిచిపోయిన వస్తువులా
ఎత్తి ఆయన పక్కన పెట్టాను.

చిక్కపేటలో జరీ తూకం వేస్తాడట.
నలభై ఏళ్లుగా అదే అంగడి, అదే త్రాసు.
ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి
ముల్లు నిలిచేదాకా కన్నార్పడని
భార్య చౌడమ్మ చెప్పింది,
ఆయన చెప్పులు చంకలో పెట్టుకుని.

ఇప్పుడు తూకం నా వంతు.
"కదలకండి" అన్నాను తెలుగులో, తర్వాత కన్నడంలో.
ఏ భాషలో విన్నాడో తెలీదు.
యంత్రం గుండ్రంగా తిరిగి
తలని పలచని బిళ్లలుగా తరిగి
చుక్క రక్తం కారకుండా తెర మీద పేర్చింది.

ఎడమవైపు ఒక నాళం
ఉండాల్సినదానికన్నా తెల్లగా, వెండిపోగులా.
దాని అవతల
బూడిదరంగుకీ తెలుపుకీ మధ్య గట్టు చెరిగిపోతోంది.

కొత్త సాఫ్ట్‌వేరు మెదడుని పది గళ్లు చేస్తుంది.
చెడిన గడికి ఒక మార్కు కోస్తుంది.
ఎర్రగా పూసిందంటే పోయినట్టు,
పచ్చగా పూస్తే దాహంతో ఇంకా ఉన్నట్టు.
మూడు నెలల తర్వాత మనిషెలా ఉంటాడో
నిమిషన్నరలో ఓ మూల రాసేస్తుంది:
నడక, సాయంతో. మాట, కొద్దిగా.
కొద్దిగా అంటే ఎన్ని మాటలో రాయదు.
ఏ మాటలో అసలే రాయదు.

నేను చెప్పకూడదు. రిపోర్టు డాక్టరుది.
కానీ తలుపు దగ్గర చౌడమ్మ
కొట్లో నష్టం అడిగినట్టే అడిగింది:
"ఎంత పోయిందమ్మా?"
"పదికి ఏడు ఉంది" అనేశాను.
నా నోటికి అడ్డంగా చెయ్యి చాపింది.
"ఏడనగాకు తల్లీ.
కొలిచేటప్పుడు ఎవరన్నా ఆ మాటంటారా?
ఆరున్నొకటి అను."

మదనపల్లెలో మా అవ్వ
శెనక్కాయలు కొలుస్తూ అట్లాగే అనేది.
లాభం, రెండు, మూడు...
ఒకటిని లాభమనీ, ఏడుని ఆరున్నొకటనీ.
పద్నాలుగేళ్లు ఈ గదిలో అంకెలు చదివి చదివి
అంకెకి చెవులుంటాయని మరిచిపోయాను.

డాక్టర్ ఫర్జానా పరిగెత్తుకొచ్చి
తెర చూసి, గడియారం చూసి, "తీసుకెళ్దాం" అంది.
తొడలోంచి సన్నని తీగ పైకి పోయి
గడ్డని లాక్కొచ్చిందట. అది నేను చూళ్లేదు.
అప్పటికి నా బల్ల మీద ఇంకో తల.

నాలుగో రోజు డ్యూటీ దిగి వార్డుకెళ్లాను,
వెళ్లే అలవాటు లేదు నాకు.
స్పీచ్ థెరపీ అమ్మాయి గుండీలు పోసి
లెక్కపెట్టమంటోంది.
ఆయన ఎడమచేత్తో ఒకటి తీసి
అరచేతిలో కాస్త ఎగరేసి, బరువు చూసి
"లాభం" అన్నాడు.
ఇంకోటి తీశాడు. "లాభం."
మూడోదీ. "లాభం."

కాసరగోడు పిల్ల, దానికేం తెలుసు పాపం,
కాగితం మీద
తప్పు, తప్పు, తప్పు అని గీతలు పెట్టుకుంది.
మొదటి గీత కొట్టేయమందామనుకున్నాను.
చౌడమ్మ నావైపు చూసింది, నవ్వలేదు.
చెప్పులు సంచిలోంచి తీసి
మంచం కింద, వేళ్లు తగిలే చోట పెట్టింది.

రెండు కోసం కాసేపు నిలబడ్డాను.
బస్సు టైమయింది.