ముప్పై అంగుళాలు

తగ్గించిన ధర పదకొండు వేల రెండొందలు.
సంచి ఉచితం, బెల్టు కాదు.
ప్యాట్నీ దాటాక మెట్రో పిల్లరు నీడలో
ఆ దుకాణం అద్దం వెనక వేలాడుతోంది,
ముదురు వంకాయ రంగులో.
మూడు నెలలుగా బస్సు కిటికీలోంచి
రోజూ దాని హాజరు తీసుకుంటున్నాను.

ఇవాళ డ్యూటీ దిగి లోపలికొచ్చాను.
"పాపకా మేడం?" అన్నాడు ఫిరాసత్ భాయ్.
నాకే, అన్నాను.
స్టూలు తుడిచి వేశాడు. ఇంకేం అడగలేదు.
ఆ ఒక్కందుకే బేరం ఆడకూడదనుకున్నాను.

ఇరవై రెండేళ్ల కింద లాలాగూడ చర్చి హాల్లో
పెద్ద బేసు వాయించేదాన్ని, ముప్పై నాలుగు అంగుళాలది.
మొదటి మెట్టు అందాలంటే
ఫుట్‌బోర్డు మీంచి కడ్డీ పట్టుకున్నట్టు
చెయ్యంతా సాగేది.
చిటికెన వేలు మూడో మెట్టుకి ఎప్పుడూ ఆలస్యమే.
"చేతులు చిన్నవి, కీబోర్డు నేర్చుకో" అన్నారు క్వాయర్ మాస్టారు.
నేర్చుకోలేదు.
ఆ తర్వాత ఏదీ నేర్చుకోలేదు,
రక్తం తీయడం తప్ప.

ఆ పనిలో ఒకటి తెలిసింది:
నరం కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది.
అందుకే ముందు కళ్లు మూసుకుని
దీని మెడ నిమిరాను, కింది నుంచి పైకి.
పన్నెండు దాకా అంచులు నున్నగానే ఉన్నాయి.
పద్నాలుగో దగ్గర ఒకటి
చేపముల్లులా గుచ్చింది.

ఒళ్లో పెట్టుకుని చేతులు వదిలాను.
తల బరువు. నేలవైపు వాలిపోయింది,
ఆఖరి బస్సులో పక్క సీటు మనిషిలా.
మరలు కాస్త వదులు.
పాట పాటకీ శ్రుతి చూసుకోవాలి కాబోలు.

లావు తీగ.
మెడ పొట్టిది కదా, బిగువు తక్కువ.
గట్టిగా మీటితే
దండెం మీద తడి దుప్పటిలా ఊగి
చెక్కకి కొట్టుకుని గరగరమంది.
మెల్లగా మీటాను.
అప్పుడు పలికింది,
పక్కగదిలో పెద్దాయనెవరో
నిద్రలో గొంతు సవరించుకున్నట్టు.
మెరుపు లేదు, కంచు మోత లేదు.
ఉడికిన కందగడ్డ లాంటి శబ్దం:
మెత్తగా, కొంచెం మట్టిగా,
లోపలెక్కడో తీపి.

సన్న తీగ మీద ఏడో మెట్టు దగ్గర మాత్రం
స్వరం పుట్టగానే ఆరిపోయింది.
మళ్లీ మీటాను. మళ్లీ ఆరింది.
ఆరు బతికే ఉంది. ఎనిమిది బతికే ఉంది.
భాయ్ దాచలేదు:
"గది ఎవ్వరూ బాగుజెయ్యలేరు మేడం.
లక్ష రూపాయల దాంట్ల గూడ
ఏడనో ఒక తాన ఉంటది.
దాని మీదికెళ్లి దాటుడు నేర్చుకోవాలె."

వైరు పెట్టి ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు.
పాత ఫ్రిజ్ లాగా గుయ్‌మని ఒకటే రొద.
తీగల మీద అరచెయ్యి వేశాను.
ఆగిపోయింది.
తీశాను, మళ్లీ మొదలు.
వేశాను, నిశ్శబ్దం.
సూది చూడగానే అరిచేవాళ్లుంటారు మా దగ్గర,
మణికట్టు పట్టుకోగానే ఊరుకుంటారు.
ఇది లోపమో కాదో
నాకు తేల్చాలనిపించలేదు.

అప్పటి వరస ఒకటి గుర్తుంది,
నాలుగే స్వరాలు,
అందరూ పాడుతుంటే అడుగున నడిచేవి.
ఎవరూ వినేవారు కాదు.
నేను ఆపితే మాత్రం అందరూ వెనక్కి తిరిగేవారు.
వాయించాను.
చిటికెన వేలు మూడో మెట్టు మీదికి
ముందే వచ్చి కూర్చుంది,
ఎవరికోసమో సీటు పట్టినట్టు.

పైన మెట్రో వెళ్లింది. అద్దాలు అదిరాయి.
ఒళ్లో లావు తీగ
తనంతట తనే సన్నగా మూలిగింది.
భాయ్ బిల్లు పుస్తకం తెరిచి పేరడిగాడు.
కెజియా, అన్నాను.
ఐదొందలు తగ్గించండి, అన్నాను,
ఏడో మెట్టుకి.

నవ్వి, మూడొందలు కొట్టేశాడు.
మిగతా రెండొందలకి
సొరుగులోంచి ఆకురాయి తీసి
పద్నాలుగో మెట్టు మీదికి వంగాడు.