పిచ్చుక పేజీ

మోంటెవీడియోలో ఆదివారం సంత.
ఒక పక్క తుప్పు పట్టిన తాళాలు,
ఇంకో పక్క పంజరాల్లో కుందేళ్లు,
మధ్యలో నా బల్ల.
బల్ల నిండా పసిపిల్లల అట్ట పుస్తకాలు,
కొత్తవీ, ఎవరో ముందే కొరికినవీ.

కొనేవాళ్లు బొమ్మలు చూస్తారు.
పదకొండేళ్లుగా నేను అంచులు చూస్తున్నాను.
ఏ మూలా గుచ్చుకోకూడదు.
ఈ పాఠకులు ముందు నోటితో చదువుతారు మరి,
చిగుళ్లకి నచ్చాకే ఏ కథైనా కళ్ల దాకా వెళ్లేది.
కిటికీ రెక్క తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూస్తాను,
నలభైసార్లకి ఊడేదైతే బల్ల కిందికి.
గొర్రె మీద అతికించిన ఉన్ని పీకి చూస్తాను.
మోగే పుస్తకమైతే వెనక్కి తిప్పి
బ్యాటరీ మూతకి స్క్రూ ఉందా అని గోరుతో తడుముతాను.
లేకపోతే, అది కోయిలలా పాడినా సరే, అమ్మను.

ఎవారిస్తో వచ్చిన రోజు
నది వైపునుంచి ఒకటే గాలి.
పుస్తకాల మీద రాళ్లు పెట్టి కూర్చున్నాను.
చంకలో మాతే ఫ్లాస్కు,
గుండెకి కట్టుకున్న గుడ్డలో తొమ్మిది నెలల పాప,
బోసినోట్లో తన టోపీ తాడు.
ఎలాంటిది కావాలని అడిగాను.
ఆయన తన చెవి చూపించి అరచెయ్యి అడ్డంగా ఊపాడు.
తర్వాత పాప చెవి చూపించి
బొటనవేలు ఎత్తాడు.

మీటల పుస్తకమే తీసుకున్నాడు.
ఆవుని నొక్కి దవడకి ఆనించుకున్నాడు,
కనుబొమలు లేచాయి.
రైలుకి కళ్లు మూసుకున్నాడు, రెండుసార్లు.
గడియారానికి పెదవి విరిచాడు.

పిచ్చుక దగ్గర ఆగిపోయాడు.
నొక్కాడు. దవడ. మెడ. రొమ్ము ఎముక.
ముంజేతి మీద, వెంట్రుకలు లేని చోట.
మళ్లీ నొక్కాడు.
జేబులోంచి బస్సు టికెట్ తీసి వెనకాల రాశాడు:
"చిన్న పిట్ట కదా, నా దాకా రాదేమో.
పాపకి వినిపిస్తోందా?"

పాప తాడు నములుతోంది.
పుస్తకం నా చెవికి ఆనించుకుని నొక్కాను.
గాలి. తాళాలవాడి దగ్గు.
అదే టికెట్ మీద మిగిలిన జాగాలో రాశాను:
"నాకూ రాలేదు. లోపల తీగ తెగింది."

చదివి నవ్వాడు,
ఎంత గట్టిగా నవ్వాలో ఎవరూ కొలిచివ్వని నవ్వు,
కుందేళ్లు చెవులు నిక్కించాయి.
పాప నోట్లోంచి తాడు జారిపోయింది.

బాగా మోగేది ఇంకోటి ఉందని తీసి చూపించాను.
వద్దన్నాడు.
పిచ్చుక పేజీ తెరిచి నా బల్ల మీదే పెట్టి
రెండు వేళ్లు పెదవుల ముందు ముక్కులా కలిపి, విప్పి,
మోచేతులు ఒంటికి ఆనించి చిన్నగా కొట్టుకుంటూ
ఆ గాలిలో, ఆ జనంలో,
నలభై ఏళ్ల మనిషి ఎగిరాడు.
పాప చూసింది.
కాస్త ఆగి ఒక పిడికిలి
తెరిచింది. మూసింది. తెరిచింది.
అది పిచ్చుకో, పాలు కావాలనో, ఊరికేనో,
నాకు తెలీదు.

సగం ధర చాలన్నాను, వేళ్లతో లెక్క చెప్పి.
పూర్తి ధర పెట్టాడు.
టికెట్ మీద ఇక చోటు లేదు.
వేలితో ఆ పేజీని చూపించాడు, తర్వాత తన ఛాతీని.
ఆవునీ రైలునీ బ్యాటరీ చదువుతుంది,
ఇది మటుకు నా వంతు అని కాబోలు.

నాలుగు అడుగులు వేశారో లేదో
పాప పుస్తకం మూలని నోట్లోకి లాక్కుంది.
ఫరవాలేదు. ఆ మూల నేను చూసిందే.

పొద్దు వాలాక రాళ్లు ఏరుకుని
బల్ల మడిచేముందు
మిగిలిన కాపీ తీశాను.
తాళాలవాడు అటు తిరిగినప్పుడు
ఆవుని నొక్కి దవడకి ఆనించుకున్నాను.

వెనక పన్ను ఒకటి, పుచ్చినది,
బదులు పలికింది.